కుర్చీ, కాలింగ్ బెల్

కచేరీ కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ తహశీల్దారు జవాబులు

1983లో తాలూకాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2016లో తహశీల్దారుగా దిగిపోయాను. అంటే ముప్పై మూడేళ్ళు బల్లకి అవతలివైపు కూర్చున్నదాన్ని. ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: కుర్చీ ఎక్కినవాళ్ళు ఎందుకలా అయిపోతారని. వాటిలో కొన్ని తీసుకున్నాను. ఊళ్ళ పేర్లు, ఆఫీసుల పేర్లు నేనే కొట్టేశాను. రాసినవాళ్ళకి రేపు మళ్ళీ అదే కౌంటర్ దగ్గర పనుంటుంది కదా.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి నాలుగేళ్ళు కష్టపడి గ్రూప్-2 కొట్టాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఒకప్పుడు పక్కింటావిడకి గ్యాస్ బండ కూడా మోసిపెట్టేవాడు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న ఏదో చెప్పబోతుంటే "పాయింటుకి రండి" అన్నాడు. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడితో వచ్చిన డ్రైవరు రాత్రి పదకొండింటి దాకా మా వరండాలోనే కూర్చున్నాడు, తిన్నావా అని కూడా వీడు అడగలేదు. పిల్లాడు చెడిపోయాడా, లేక మొదటినుంచీ ఇంతేనా? — ఒక తల్లి

జవాబు: నాన్నగారిని అన్న మాట ఎవరైనా గమనిస్తారమ్మా. డ్రైవరు అన్నం సంగతి గమనించారు చూడండి, అసలు జబ్బు అక్కడుంది.

నా సంగతి చెప్తాను. డిప్యూటీ తహశీల్దారుగా ప్రమోషన్ వచ్చిన మొదటి వారం నేను గదిలోకి వస్తుంటే అటెండరు లేచి నిలబడేవాడు. ఆయనకి మా పెదనాన్న వయసు. నాకు సిగ్గేసి "కూర్చోండి బాబాయ్" అనేదాన్ని. నెల తిరిగేసరికి అనడం మానేశాను. మూడో నెలలో ఒకరోజు ఏదో రాసుకుంటూ ఆయన లేవలేదు, ఆ రోజంతా నా మనసు అక్కడే ఉంది. ఏమీ అనలేదు లెండి. కానీ సాయంత్రం ఆయన సెలవు చీటీ మీద సంతకం పెట్టడానికి పావుగంట ఆలస్యం చేశాను. ఎందుకు చేశానో అప్పుడు నాకే తెలీదు.

ఇంకోటి. నేను జోకులు బాగా వెయ్యలేను, మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. ఆఫీసులో మాత్రం వేసిన ప్రతి జోకుకీ అందరూ నవ్వేవాళ్ళు. ఫైళ్ళన్నీ "తమరి ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది" అంటూ వచ్చేవి. ముసలివాళ్ళు రాయించుకొచ్చే అర్జీలు "తహశీల్దారు గారి దివ్య సముఖమునకు" అని మొదలయ్యేవి. రోజుకి నలభై సార్లు మీ ముఖాన్ని దివ్యం అంటుంటే, నాలుగేళ్ళకి అద్దం కూడా అదే చెప్పడం మొదలెడుతుంది.

ఒక ఆదివారం భోజనానికి కూర్చున్నాను. దాహమేసింది. నా కుడిచెయ్యి కంచం పక్కన బల్ల మీద ఏదో తడుముతోంది. మావారు జూనియర్ కాలేజీ లెక్చరరు, ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. కాసేపు ఆగి, "బెల్లు ఆఫీసులో ఉండిపోయిందే" అన్నారు. నేను నీళ్ళ కోసం కాలింగ్ బెల్ వెతుకుతున్నానమ్మా! పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కాబట్టి చెడిపోయాడా, ముందే అంతా అని అడిగితే నా జవాబు, రెండూ కాదు. రెండేళ్ళుగా వాడితో "కాదు, తప్పు" అన్నవాళ్ళు ఎవరూ ఉండరు. నాకు మావారున్నారు, అదీ నా అదృష్టం. మీవాడికి ఇంకా పెళ్ళి కాలేదనుకుంటాను, అందాకా ఆ ఉద్యోగం మీదే. ఉపన్యాసం ఇవ్వకండి, వాడు రోజూ మీటింగుల్లో అవే వింటుంటాడు. ఈసారి వచ్చినప్పుడు డ్రైవరుకి వాడి పక్కనే పీట వెయ్యండి. వడ్డన వాడి చేత చేయించండి. డ్రైవరు మొహమాటపడతాడు, పడనివ్వండి. ఆ పిల్లాడి పేరేమిటో, వాళ్ళ ఊరేదో మీరు అడగండి, మీ అబ్బాయి వినేలా.

ప్రశ్న: మా నాన్న పోయాక రెండెకరాలు అమ్మ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాం. అయిదు నెలలైంది. ఒకసారి సారు లేరన్నారు, ఒకసారి సర్వర్ డౌన్ అన్నారు, ఒకసారి జిరాక్సులు మసగ్గా ఉన్నాయన్నారు. ఇప్పుడు ఆఫీసు బయట టీకొట్టు దగ్గర ఉండే ఒకాయన ఎనిమిది వేలిస్తే వారంలో అవుతుందంటున్నాడు. ఇస్తే నేనూ దొంగనేనా? — ఒక రైతు కొడుకు

జవాబు: ఎనిమిది వేలు నిన్ను ఇప్పుడు అడగలేదు బాబూ. మొదటిసారి "సారు లేరు" అన్నారు చూశావా, ఆ రోజే అడిగారు. అంకె ఒక్కటే ఇప్పుడు చెప్పారు.

లంచం అంటే బల్ల కింద చెయ్యి అనుకుంటారు అందరూ. నా లెక్కలో అది ఆఖరి అంకం. దానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, దాన్ని మావాళ్ళు "తిప్పడం" అంటారు. "వాణ్ణి రెండుసార్లు తిప్పు, వాడే దారికొస్తాడు" అనే మాట నేను చెవులారా విన్నాను. తిప్పడానికి ఏ అధికారమూ దుర్వినియోగం చెయ్యక్కర్లేదు, ఏ రూలూ మీరక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. ఫైలు సొరుగులో ఉంటుంది, సొరుగుకి తాళం ఉంటుంది, తాళం జేబులో ఉంటుంది. నీ బస్సు చార్జీ, నీ కూలి, మీ అమ్మ బెంగ, ఇవన్నీ అవతల పెరుగుతుంటాయి. ఒకరోజు లెక్క వేసుకుంటే ఎనిమిది వేలే చవకనిపిస్తుంది. ఆ లెక్క నీ చేత వేయించడమే వాళ్ళ నైపుణ్యం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్ళు ఊరికే అన్నారా.

ఇక చట్టం. ఇవ్వడం కూడా నేరమే. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక ఇచ్చినవాడికీ ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. గతిలేక, బలవంతం మీద ఇచ్చి ఉంటే మాత్రం ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పాలి, అప్పుడు నీ మీద నేరం ఉండదు. ముందే చెప్పి, వాళ్ళతో కలిసి ఇస్తే అసలు సమస్యే లేదు. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

అంతదాకా వెళ్ళడం ఇష్టం లేకపోతే ముందు ఒక కాగితం పెట్టు. సమాచార హక్కు చట్టం కింద, "ఫలానా నంబరు దరఖాస్తు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ ఉద్యోగి దగ్గర ఉంది? ఒక్కొక్కరు దాని మీద ఏం రాశారు? నకళ్ళు ఇవ్వండి" అని అడుగు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో మండల స్థాయి ఆఫీసుకి ఫీజు 5 రూపాయలు, గ్రామస్థాయికి అసలు ఫీజే లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే రోజుకి 250 చొప్పున 25,000 దాకా ఆ అధికారి సొంత జేబులోంచి జరిమానా వెయ్యొచ్చు. "నా పని ఎందుకవలేదు" అని మాత్రం అడగకు, దానికి ఒక పేజీ కథ రాసిస్తారు. తేదీలు అడుగు. మా సెక్షన్లో అలాంటి కాగితం వచ్చిన రోజు టీ కూడా చల్లారిపోయేది.

ఏసీబీ అన్నాను కదా, ఆ పట్టుకోవడం ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. 1998లో ఒక కేసుకి మధ్యవర్తిగా రమ్మన్నారు. ట్రాప్‌లో ఇద్దరు ప్రభుత్వోద్యోగులు సాక్షులుగా ఉండాలి, అందులో నేనొకదాన్ని. ఆఫీసు మాది కాదు, వేరే శాఖ. పొద్దున్నే నోట్ల నంబర్లు మా ముందు రాసుకున్నారు. నోట్లకి తెల్లటి పౌడరు రాశారు, ఫినాఫ్తలీన్. చూస్తే ఏమీ కనపడదు. ఫిర్యాదు చేసినాయన చిన్న కాంట్రాక్టరు, చేతులు వణుకుతున్నాయి. "ఆయన అడిగితేనే ఇవ్వు, నువ్వుగా తియ్యకు" అని మూడుసార్లు చెప్పారు.

సైగ రాగానే లోపలికి వెళ్ళాం. ఆ అధికారి అప్పుడే టిఫిన్ క్యారియర్ విప్పుతున్నారు, పులిహోర వాసన. గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి సోడా కార్బొనేట్ కలిపారు. ముందు వాళ్ళలో ఒకరు చెయ్యి ముంచి చూపించారు, నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. తర్వాత ఆయన్ని కుడిచేతి వేళ్ళు ముంచమన్నారు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత వేళ్ళ చుట్టూ గులాబి రంగు పొగలా లేచి గ్లాసంతా పరుచుకుంది, అచ్చం రోజ్ మిల్క్. "ఆయనే బలవంతంగా పెట్టాడండీ" అన్నారాయన, ఎవరివైపూ చూడకుండా. డబ్బు చొక్కా జేబులో ఉంది. జేబు లోపలి గుడ్డ కూడా ముంచి చూడాలి కాబట్టి చొక్కా విప్పమన్నారు.

నాకు గుర్తుండిపోయింది ఆ తర్వాతి గంట. గ్లాసుల్లో నీళ్ళు సీసాల్లో పోసి, సీళ్ళు వేసి, మా చేత సంతకాలు పెట్టిస్తున్నారు. ఆయన బనీనుతో తన కుర్చీలోనే కూర్చున్నారు. ఇంటి నుంచి చొక్కా రావాలి. తలుపు సందులోంచి అర్జీదార్లు తొంగి చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరైనా నవ్వుతారనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం లోపలికి తల పెట్టి, "నా కాగితం మీద సంతకం ఇంక ఎవురు పెడతారమ్మా" అని నన్నడిగాడు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్తే ఎవరూ పైసా అడగరు, నవ్వుతూ పని చేసి పంపిస్తారు. మనవాళ్ళ రక్తంలోనే లంచం ఉందంటారా? — ఒక ఎన్నారై

జవాబు: రక్తం మాట వదిలెయ్యండి సార్. అదే రక్తంతో మీరు కౌంటర్ ముందు క్యూలో బుద్ధిగా నిలబడుతున్నారు కదా.

లైసెన్సు అన్నారు కాబట్టి ఇల్లినాయ్ రాష్ట్రం సంగతి చెప్తాను. 1990లలో అక్కడ లైసెన్సులిచ్చే శాఖ జార్జ్ రయన్ అనే రాజకీయ నాయకుడి కింద ఉండేది. లంచం తీసుకుని, బండి నడపడం రానివాళ్ళకి కూడా ట్రక్కు లైసెన్సులిచ్చారు అక్కడి ఉద్యోగులు. ఆ డబ్బులో కొంత ఆయన ఎన్నికల నిధికి వెళ్ళింది. 1994 నవంబరులో మిల్వాకీ దగ్గర ఒక ట్రక్కు నుంచి ఇనుప భాగం ఊడి రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న వ్యాను దాని మీదకెక్కి పెట్రోలు ట్యాంకు పేలింది. ఒక పాస్టరు దంపతుల ఆరుగురు పిల్లలు పోయారు. ఆ ట్రక్కు డ్రైవరు లైసెన్సు లంచంతో వచ్చిందే. శాఖలోనే ఒక పరిశోధకుడు ఆ సంగతి తవ్వబోతే పైవాళ్ళు ఆపేశారు. రయన్ ఆ తర్వాత ఏకంగా గవర్నరే అయ్యాడు. 2006లో నేరం రుజువై ఆరున్నరేళ్ళ శిక్ష పడింది.

మీ కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ పని చేసిందంటే, ఆ నవ్వు వెనక ఇలాంటి కేసులు, కోర్టులు, పోయిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి. మన దగ్గర కూడా పాస్‌పోర్టుకి టోకెన్ నంబరు పెట్టాక, ఆ గుమ్మం బయట దళారులు ఎంత పల్చబడ్డారో మీరే చూసి ఉంటారు. మనుషులు వాళ్ళే. ఎవరి వంతు ముందో నిర్ణయించే హక్కు వాళ్ళ చేతిలోంచి పోయింది, అంతే.

ప్రశ్న: పాతకాలం కరణాలు, పట్వారీలే నయం, ఊళ్ళో మనిషి కాబట్టి సిగ్గైనా ఉండేది అని మా తాతగారంటారు. నిజమేనా? — డిగ్రీ విద్యార్థిని, జనగామ

జవాబు: మీది జనగామ అంటున్నావు. తాతగారిని విసునూరు దేశ్‌ముఖ్ గురించి కూడా అడుగు తల్లీ. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి నేలకొరిగింది ఆ దొర మనుషుల వల్లే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట కోసుకుపోవడానికి వచ్చింది కూడా ఆ దొర మనుషులే. అటు దొర గడి, ఇటు లెక్కలు రాసే పట్వారీ, మధ్యలో "నీ బాంచెన్" అనే జనం. సిగ్గు ఎవరికి ఉందని?

మా కోస్తాలో గడీలు లేవు గానీ కరణం ఇల్లుండేది. నేను చిన్నప్పుడు చూసిన కరణంగారి ఇంట్లో అడంగలు లెక్కలన్నీ ఒక భోషాణంలో ఉండేవి. ఊరందరి భూమీ ఆ పెట్టెలో ఉన్నట్టే. వంశపారంపర్యం, కొడుక్కి చెప్పులు సరిపోకపోయినా లెక్కలు సరిపోయేవి. బళ్ళో ఒక శతక పద్యం బట్టీ పట్టించారు: కరణం సాధువైనా, ఏనుగు మదం ఉడిగినా, పాము కరవకపోయినా, తేలు కుట్టకపోయినా జనం లెక్కచెయ్యరట. అధికారిని పాముతో తేలుతో కలిపి చెప్పినందుకు ఎవరూ నొచ్చుకోలేదు, చూశావా. భయపెట్టకపోతే అధికారే కాదని మనకీ ఒక నమ్మకం ఉంది. మెత్తగా మాట్లాడే అధికారిని "పాపం మంచాడు, పనికిరాడు" అనేది మనమే.

1984 జనవరిలో ఎన్టీఆర్ ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులు తీసేశారు. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. నేను కొత్తగా చేరిన రోజులవి. కరణాల ఇళ్ళ నుంచి రికార్డులు స్వాధీనం చేసుకోవడానికి మమ్మల్ని పంపారు. ఒకాయన భోషాణం తాళం చెవి ఇవ్వడానికి పూర్తిగా ఒక పూట కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇచ్చి మరీ. నాకప్పుడు కోపమొచ్చింది. తర్వాత అదే తాళాలు మా ఆఫీసు బీరువాలకి పడ్డాయి, అదే పూట మేము జనాన్ని కూర్చోబెట్టాం, మజ్జిగ కూడా ఇవ్వలేదు. తెలంగాణలో 2020లో వీఆర్వోలనూ తీసేశారు. భూముల రికార్డులకి ధరణి పోర్టల్ వచ్చాక చిన్న అచ్చుతప్పు దిద్దించుకోవడానికి కూడా కలెక్టరాఫీసు మెట్లెక్కిన రైతులున్నారు. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం తెచ్చి, ఊళ్ళకి మళ్ళీ గ్రామ పాలన అధికారులను పంపారు. తాళం చెవి చేతులు మారుతోంది. తాళం ఎన్ని పనులకి వెయ్యక్కర్లేదో ఆలోచించినవాళ్ళు తక్కువ.

ప్రశ్న: మా దగ్గర ఒక అధికారి జనం దగ్గర వసూలు చేసిన డబ్బుతో గుడి కట్టించాడు. అందరూ దేవుడంటున్నారు. మీరేమంటారు? — ఒక పాఠకుడు

జవాబు: మా శాఖలో దీనికి పెద్ద పూర్వీకుడే ఉన్నాడండీ. కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీల్దారు. శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టాడని తానీషా గోల్కొండ ఖైదులో వేయించాడు. రామలక్ష్మణులే వచ్చి ఆ బాకీ తీర్చారని కథ చెప్పుకుంటాం, ఆ ఖైదు గదిని ఇప్పటికీ చూసి దణ్ణం పెట్టుకుంటాం. భక్తుడిగా ఆయన పాదాలకి నేనూ మొక్కుతాను. ఆడిట్ చేసేదాన్నయితే మాత్రం తానీషా పక్షమే. మీ అధికారిగారిని ఒక్కటే అడగండి: రాముడు వచ్చి కట్టకపోతే ఎవరు కడతారు?

ప్రశ్న: ముప్పై మూడేళ్ళు రెవెన్యూలో చేసి లంచం తీసుకోలేదంటే నమ్మమంటారా? — పేరు లేదు

జవాబు: పేరు రాయకపోయినా మంచి ప్రశ్నే అడిగారు. డబ్బు తీసుకోలేదు. ఇది చెప్పుకుంటూ చాలాకాలం గర్వంగా తిరిగాను కూడా.

మామిడిపళ్ళ బుట్టలు తీసుకున్నాను. "తోటలోవే కదమ్మా" అంటే నిజమే కదా అనుకున్నాను, ఆ తోట సరిహద్దు తగాదా నా బల్ల మీదే ఉందని గుర్తుండి కూడా. ఆఫీసు జీపులో పిల్లల్ని స్కూల్లో దింపాను. రైలు రిజర్వేషన్ దొరక్కపోతే నా హోదా లెటర్‌హెడ్ వాడాను, అది చుట్టాలకి కూడా వాడాను.

2004 కృష్ణా పుష్కరాల్లో ఒక ఘాట్ దగ్గర నాకు డ్యూటీ పడింది. మావాళ్ళు పదకొండు మంది వచ్చారు, అత్తగారి తరఫు, పుట్టింటి తరఫు. ముందురోజు రాత్రే పాసులు సిద్ధం చేశాను. తెల్లారగట్ల అయిదింటికి తాడు ఎత్తి వాళ్ళని పక్కదారిలో మెట్ల దగ్గరికి పంపిస్తున్నాను. తాడుకి అవతల క్యూ ఆగి ఉంది, అర్ధరాత్రి నుంచి నిలబడ్డవాళ్ళు. అందరికన్నా ముందు ఒక ముసలమ్మ, చంకలో స్టీలు చెంబు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి దిగడానికి సిద్ధంగా ఉంది. మా ఆడపడుచు పిల్లలు నవ్వుకుంటూ వెళ్తుంటే చూసింది. నా మెడలో ఉన్న డ్యూటీ కార్డు చూసింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది:

"అమ్మా, ఈళ్ళందరికీ డ్యూటీయేనా?"

అవునన్నాను.